ఇది ఆఫ్రికానా, ఉప్పలపాడా?

గుంటూరులో కొత్తగా హోటల్ కట్టిన ఒకాయన దసరా వెళ్ళిన వారానికి ఫోన్ చేశారు. మూడు అంతస్తుల కారిడార్లకి 12 పెద్ద ఫోటోలు కావాలి. సంక్రాంతి వెళ్ళగానే ప్రారంభం, ఈలోపు గోడకెక్కాలి. ప్రకృతి, పక్షులు, పాత కట్టడాలు మూడూ ఉండాలి. "స్విట్జర్లాండ్ కొండలు నెట్‌లో దించి పెట్టుకునే రకం కాదు నేను. అన్నీ మన చుట్టుపక్కలవే కావాల. కాకపోతే చూస్తే ఫారిన్ మ్యాగజైన్‌లో ఫోటోలాగా ఉండాల" అన్నారు. అందులో చివరి మాటొక్కటే నేను గట్టిగా పట్టుకున్నాను. మొదటిది చెవికెక్కలేదు. ఈ పనిలో నేను చేసిన తప్పులు చాలావరకు అక్కడ మొదలైనవే.

నాది బెజవాడ. ఇల్లు గడిచేది పెళ్ళిళ్ళ ఫోటోలతో. మూఢంలో, ముహూర్తాలు లేని నెలల్లో కెమెరా సంచి భుజానేసుకుని తిరుగుతాను. లడాఖ్ రెండుసార్లు, కెన్యా ఒకసారి, లండన్ ఒకసారి అలా వెళ్ళినవే. హోటల్ పని మొత్తం 1,80,000 రూపాయలకి ఒప్పుకున్నాను. ప్రింట్లు, ఫ్రేములు అందులోనే. పక్షులు నాలుగు, కృష్ణ రెండు, ఉండవల్లి మూడు, అమరావతి రెండు, కొండపల్లి ఒకటి అని కాగితం మీద రాసుకున్నాం. సైజు 36 అంగుళాలు బై 24. నా కెమెరా 24 మెగాపిక్సెల్, అంటే పొడవు 6,000 పిక్సెళ్ళు. 36 అంగుళాలకి పంచితే అంగుళానికి 166. మంచి ప్రింట్‌కి అందరూ చెప్పే 300 రాదు. కానీ కారిడార్లో నడిచేవాళ్ళు అయిదారడుగుల దూరం నుంచి చూస్తారు, ఆ దూరానికి 166 సరిపోతుంది. ఒకటే షరతు, తీశాక అంచులు కత్తిరించి క్రాప్ చెయ్యకూడదు. ఫ్రేము కెమెరాలోనే తేలిపోవాలి.

ఉప్పలపాడు, మొదటి నాలుగు ఉదయాలు

ముందు పక్షులతో మొదలుపెట్టాను, ఎందుకంటే అవే నాకు ధైర్యం. ఉప్పలపాడు గుంటూరుకి ఏడెనిమిది కిలోమీటర్లు, పెదకాకాని మండలం. ఊరి చెరువులో సర్కారు తుమ్మ చెట్లు, వాటి మీద ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, తెల్ల కంకణాలు, నీటికాకులు. సెప్టెంబరు నుంచి రావడం మొదలవుతుంది, చలికాలానికి గూళ్ళు నిండిపోతాయి. వెళ్ళినవాళ్ళకి ముందు తెలిసేది వాసన. ఆ తర్వాత గోల. పెద్ద కొంగలు దాదాపు మూగవి, ముక్కులు టకటకలాడించడం తప్ప గొంతు విప్పవు. ఆ గోలంతా మేత కోసం పిల్లలు చేసేది.

రోజుకి 1,500 అద్దెకి, దూరాన్ని దగ్గరికి లాగే 200-600 ఎం.ఎం. లెన్స్ తెచ్చాను. తెల్లవారుజామున నాలుగున్నరకి బెజవాడలో బయల్దేరి, వెలుతురు వచ్చేసరికి చెరువు గట్టు మీద ఉండేవాణ్ణి. నాలుగు ఉదయాలు 600 దగ్గరే బిగించి తీశాను. కొంగ కంటి మీద ఫోకస్, ఎఫ్ 6.3 (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది, వెనక అంత మసక), సెకనులో 1,600వ వంతు. వెనకంతా వెన్నలాంటి పచ్చదనం. ఈకలో ఈక లెక్కపెట్టుకోవచ్చు. గూటికి దగ్గరికి పోయే పని లేదు, అది పెద్ద లెన్స్‌తో ఉన్న సుఖం. దగ్గరికి పోతే తల్లి లేస్తుంది, అది లేచిన రెండు నిమిషాల్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది.

అందులో ఆరు ఏరుకుని హోటల్ ఆయన దగ్గరికి వెళ్ళాను. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుని చూశారు. మెచ్చుకున్నారు. మళ్ళీ మొదటి నుంచి చూశారు.

"బాగున్నయ్ తమ్ముడూ. కాకపోతే ఇది మన ఉప్పలపాడని ఎట్టా తెలుస్తది? ఆఫ్రికా అని చెప్తే నమ్మనా నేను?"

పైకి నవ్వాను గానీ లోపల మండింది. ఇంటికొచ్చి కెన్యా ఫోల్డర్ తెరిచాను, ఆయన మాట తప్పు అని నాకు నేనే నిరూపించుకుందామని. అక్కడ తీసిన పసుపుముక్కు కొంగని, మన ఎర్రకాళ్ళ కొంగని పక్కపక్కన పెట్టాను. రెండూ ఒకే ప్రజాతి, మిక్టీరియా. వేరు చెప్పడానికి గుర్తులు లేకపోలేదు, మనదానికి రొమ్మున నల్లపట్టీ ఉంటుంది, తోక దగ్గర ఈకలు గులాబీ రంగు. అది పక్షులు చూసేవాళ్ళకి. రూమ్ తాళం చేతిలో పట్టుకుని నడిచేవాడికి రెండూ ఎర్రమొహం పెద్ద కొంగలు, వెనక పచ్చటి మసక. మా ఆవిడని పిలిచి ఏది ఎక్కడిదో చెప్పమన్నాను. కెన్యాది చూపించి గుంటూరు అంది.

లెక్క వేస్తే విషయం తేలిపోయింది. 600 ఎం.ఎం.లో అడ్డంగా కనపడేది మూడున్నర డిగ్రీలు. 50 మీటర్ల దూరంలో అది మూడు మీటర్ల ముక్క. ఆ ముక్కలో ఒక కొంగ, ఒక కొమ్మ. ఊరు, డాబాలు, కరెంటు తీగలు, గేదెలు, ఆరేసిన చీరలు, అన్నీ దాని బయటే. ఉప్పలపాడులో గొప్ప ఏంటంటే అడవిలో బతకాల్సిన పక్షులు ఊరి మధ్యలో, జనం ఇళ్ళ పక్కన, ఒకప్పటి మంచినీళ్ళ చెరువులో పిల్లల్ని పెంచుకోవడం. సరిగ్గా దాన్ని చెరిపెయ్యడానికి నేను రోజుకి 1,500 అద్దె కడుతున్నాను.

మళ్ళీ ఉప్పలపాడు

పెద్ద లెన్స్ వెనక్కిచ్చేశాను. ఎక్కువ మేర పట్టే చిన్న లెన్సులు, 50, 70-200 తీసుకుని వెళ్ళాను. ఈసారి చెరువు వైపు కాదు, ఊళ్ళోకి. కెమెరా వేసుకుని వీధుల్లో తిరుగుతుంటే ఒక పెద్దావిడ వాకిట్లో కూర్చుని రెండ్రోజులు చూసి, మూడోరోజు అడిగింది. "ఏం బాబూ, రోజూ వస్తన్నావు, కొంగలకి పెళ్ళి చేస్తన్నావా ఏంది?" పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్నని ఆవిడకి ఎలా తెలిసిందో గానీ, నేను చెప్పక ముందే నా జాతకం చెప్పేసింది. ఆవిడే డాబా ఎక్కమంది. అక్కణ్ణుంచి చూస్తే గూళ్ళు కళ్ళ ఎత్తున ఉన్నాయి, కింద వీధి కనపడుతోంది.

ధనుర్మాసం. ఎదురింటి అమ్మాయి రోజూ ఆరున్నరకి కల్లాపి చల్లి ముగ్గు వేస్తుంది. పేరంటానికి వేసినట్టు తీరుబడిగా, చుక్కలు పెట్టి, నడుం వంచి. ఆమె వెనక, రెండు ఇళ్ళ అవతల, తుమ్మచెట్ల నిండా కొంగలు. ఫ్రేము కళ్ళ ముందే ఉంది. కుదరడానికి మాత్రం ఏడో ఉదయం దాకా ఆగాల్సి వచ్చింది.

ముగ్గు, కొంగలు రెండూ స్పష్టంగా రావాలి. 50 ఎం.ఎం.కి ఎఫ్ 11 దగ్గర ఏడున్నర మీటర్ల చోట ఫోకస్ పెడితే దాదాపు నాలుగు మీటర్ల నుంచి ఆకాశం దాకా స్పష్టంగా వస్తుందని పట్టికలు చెబుతాయి. ఆ పట్టికలు చిన్న ప్రింట్ల కోసం వేసినవి. 36 అంగుళాలకి పెంచితే దూరపు కొంగలు కొద్దిగా మెత్తబడతాయి. అందుకని ఫోకస్ ఇంకో రెండు మీటర్లు అవతలకి జరిపాను. అసలు చిక్కు వెలుతురుది. డిసెంబరు చివర్లో సూర్యుడు వచ్చేసరికి ఆరున్నర దాటుతుంది. ఎఫ్ 11లో ఆ వెలుతురుకి సెకనులో 60వ వంతు కూడా రావడం లేదు, ఎగిరే కొంగ తెల్ల గుడ్డపేలికలా వస్తోంది. ఏడుంబావు దాకా ఆగితే వెలుతురు బాగుంటుంది, అప్పటికి ముగ్గు అయిపోయి అమ్మాయి లోపలికి పోతుంది, పాలవాడి మోపెడ్ ముగ్గు మీదుగా పోతుంది. ఒక రోజు సిగ్గు విడిచి అడిగాను, పావుగంట ఆలస్యంగా వెయ్యరాదా అని. "మా అత్త ఊరుకోదండీ" అంది. అదీ నిజమే.

తక్కువ వెలుతురు కూడా చాలేట్టు చేసే ఐఎస్ఓని 3,200కి పెంచి, సెకనులో 250వ వంతుకి దించి, దానితో వచ్చే ఇసుక చల్లినట్టుండే గ్రెయిన్‌ని ఉండనిచ్చాను. ఏడో ఉదయం ఏడింటికి ఒక కొంగ ముక్కున పుల్లతో ఎడమ నుంచి వచ్చింది, కింద అమ్మాయి చుక్కలు కలుపుతోంది. అదే సమయానికి వీధి మలుపులో మోపెడ్ చప్పుడు. "బండొస్తంది, జరగండి జరగండి!" అని డాబా మీద నుంచి అరుస్తూనే నొక్కాను. మూడు ఫ్రేములు పడ్డాయి. రెండోది బాగుంది. ఆమె మొహం కనపడదు, అయినా హోటల్ గోడ మీద వేలాడేది కాబట్టి ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. మనుషులున్న ఫోటో అమ్మకానికి వెళ్ళేటప్పుడు ఇది మర్చిపోవద్దు, తర్వాత వెతుక్కుంటూ వెళ్ళడం నరకం.

ఆ తర్వాత రెండు రోజుల్లో ఇంకో మంచి ఫోటో దొరికింది. తొమ్మిదిన్నర దాటి ఎండ ఎక్కాక తల్లి కొంగ సూర్యుడికి వీపు పెట్టి, రెక్కలు సగం విప్పి, పిల్లల మీద నీడ పడేట్టు నిలబడుతుంది. 200 దగ్గర తీశాను, ఎఫ్ 10. రెక్క అంచున గులాబీ ఈకలు, కింద నీడలో మూడు బూడిదరంగు తలలు. వెనక డాబా మీద ఎవరిదో దుప్పటి ఆరేసి ఉంది, దాని మీద పువ్వులు కూడా కనపడతాయి. పాతికేళ్ళ అలవాటు ఆ దుప్పటిని తప్పించమంటుంది. తప్పించలేదు.

నది

కృష్ణ దగ్గర అదే తప్పు ఇంకో వేషంలో చేశాను. సీతానగరం ఘాట్ నుంచి ప్రకాశం బ్యారేజీ, అవతల ఇంద్రకీలాద్రి. చలికాలం సూర్యుడు ఆగ్నేయం నుంచి వస్తాడు కాబట్టి మనం దక్షిణపు ఒడ్డున నిలబడితే కొండ మీద వెలుతురు చక్కగా పడుతుంది. లెన్స్‌కి వెలుతురు తగ్గించే నల్ల ఫిల్టర్ బిగించి 30 సెకన్లు తెరిచి పెట్టాను. నీళ్ళు పాలమీగడ అయ్యాయి, బ్యారేజీ మంచులో తేలినట్టుంది. ఇప్పుడు లోకంలో నది ఫోటోలన్నీ ఇలాగే ఉంటాయి. 30 సెకన్లలో కదిలేది ఏదీ మిగలదు. పడవ లేదు, వల విసిరేవాడు లేడు, కొంగ లేదు. ఇదీ చెరిపెయ్యడమే, మూడు రోజులు పట్టింది అర్థం కావడానికి. ఫిల్టర్ తీసేసి సెకనులో 500వ వంతుకి వస్తే విసురువల గాల్లో గుండ్రంగా విచ్చుకుని ఉంది, దాని వెనక బ్యారేజీ కానాలు వరసగా.

నా దగ్గర ఇంకో బ్యారేజీ ఫోటో ఉంది, 2024 సెప్టెంబరు వరదది. మొత్తం 70 గేట్లూ ఎత్తేసి, 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళు, 1957లో బ్యారేజీ వచ్చాక ఎప్పుడూ చూడనంత వరద. నేను తీసిన నది ఫోటోల్లో బలమైనది అదే. ఇవ్వలేదు. ఆ వారమే బుడమేరు వాగు పొంగి సగం బెజవాడ మంచాల మీద మంచాలు వేసుకుని కూర్చుంది. ఆ ఊళ్ళోంచి వచ్చి దిగినవాడికి రూమ్ బయట అది కనపడటం నాకు బాగా అనిపించలేదు.

ఉండవల్లి

ఇక్కడ మొదటి తప్పు దరఖాస్తుది. ఈ గుహలు కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడం. చేత్తో పట్టుకుని ఫోటో తీసుకోవడానికి అడ్డు లేదు, ట్రైపాడ్ నిలబెట్టాలంటే రాతపూర్వకంగా అనుమతి కావాలి. ముందే పెట్టాల్సిన దరఖాస్తు గురించి నాకు డిసెంబరులో గుర్తొచ్చింది. ట్రైపాడ్ ఆశ వదులుకున్నాను.

నాలుగు అంతస్తులు, ఒకే కొండని తొలిచి చేసినవి. క్రీస్తుశకం నాలుగు, అయిదో శతాబ్దాల నాటిదని చెబుతారు. పైన చీకటి గదిలో అయిదు మీటర్లు దాటిన అనంతపద్మనాభుడు పడుకుని ఉంటాడు. గది ఇరుకు, వెనక్కి జరగడానికి చోటు లేదు. 16 ఎం.ఎం. వెడల్పు లెన్స్ పెడితే దగ్గరున్న వైపు ఉబ్బి, రెండో చివర బొమ్మరిల్లు సైజుకి తగ్గిపోతుంది. ఫ్లాష్ వేస్తే రాయి సున్నం కొట్టిన గోడలా చదునైపోతుంది. సహాయానికి వచ్చిన మా బావమరిది సొరంగం కథ చెప్పించుకుంటూ తిరుగుతున్నాడు, ఇక్కణ్ణుంచి మంగళగిరికి దారుందట. నేను గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

చేసింది ఇదీ. ఐఎస్ఓ 6,400, సెకనులో 15వ వంతు, ఒకే చోట నిలబడి 16 ఫ్రేములు గబగబా. ఇంటికొచ్చి వాటిని ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేర్చి సగటు తీస్తే రాయి అలాగే ఉంటుంది, గ్రెయిన్ మాత్రం ఫ్రేముకి ఫ్రేముకి మారేది కాబట్టి కరిగిపోతుంది. 16 ఫ్రేములకి నాలుగో వంతుకి తగ్గుతుంది. నిలువు ఫ్రేములు నాలుగు చోట్ల ఇలా తీసి అతికించాను, 64 క్లిక్కులకి ఒక ఫోటో. రెండో రోజు ఆదివారం, జనం, ఒక్క సెట్టూ పూర్తి కాలేదు. మంగళవారం పొద్దున్నే తలుపులు తీసే వేళకి వెళ్తే పావుగంటలో అయింది.

అంత కష్టపడ్డ ఫోటో బాగుంది. కానీ ఉండవల్లిలో నాకు నచ్చింది బయట దొరికింది. పై అంతస్తు ముందు రాతి ఋషులు వరసగా కూర్చుని ఉంటారు, పక్కన సింహాలు. అందరూ కింద నిలబడి వాళ్ళ మొహాలు తీస్తారు. నేను పైకెక్కి వాళ్ళ వీపుల వెనక నుంచి, 35 ఎం.ఎం.తో, వాళ్ళు చూస్తున్నదాన్ని తీశాను. పొలాలు, అరటి తోటలు, కొబ్బరిచెట్లు, వాటి మధ్య కొత్తగా లేచిన ఒకట్రెండు కాంక్రీటు మేడలు. హోటల్ ఆయన దీని ముందు చాలాసేపు నిలబడ్డారు. "వీళ్ళు పొలం కాపలాకి కూర్చున్నట్టున్నారే" అన్నారు.

అమరావతి

పేరుకి రెండే ఫోటోలు గానీ నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. అమరావతి శిల్పాల్లో మేలైనవి అమరావతిలో లేవు. ఈస్టిండియా కంపెనీ వాడు కర్నల్ మెకెంజీ 1797లో వచ్చి స్తూపం దిబ్బ చూశాడు, 1845లో ఇంకో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించాడు, ఆ పలకలు మద్రాసుకి పోయాయి, అందులో కొన్ని 1859లో ఓడెక్కి లండన్. ఈ రాళ్ళని మొదట కెమెరాతో పట్టినవాళ్ళలో లినేయస్ ట్రైప్ ఒకడు, 1858లో మద్రాసులో 75 ఫోటోలు తీశాడు. మా వృత్తివాడు కాబట్టి నాకు ఆ మనిషంటే అభిమానం.

లండన్ వెళ్ళినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఒక పూటంతా ఆ పలకల ముందే గడిపాను. అద్దాల వెనక ఉంటాయి. అద్దంలో నా మొహం, నా వెనక దీపాలు, ఎవరిదో ఎర్ర స్కార్ఫ్. నల్ల జాకెట్ విప్పి లెన్స్ చుట్టూ గుడారంలా కప్పి తీస్తే గానీ పద్మాలు కనపడలేదు. పలనాటి సున్నపురాయి అది, పాలల్లో కొంచెం పచ్చదనం కలిసిన రంగు. గుంటూరు రాయి చూడటానికి అంత దూరం పోయి, జాకెట్ కింద తల దూర్చి నిలబడ్డానని తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ ఫోటోలే ఇవ్వమని హోటల్ ఆయన అడిగారు. కుదరదన్నాను. అక్కడ సొంతానికి తీసుకోనిస్తారు, అమ్ముకోవాలంటే విడిగా అనుమతి.

అందుకని అమరావతిలో ఉన్నదాన్నే తీశాను. స్తూపం దగ్గర నిలబెట్టిన పలకలు మధ్యాహ్నం చూస్తే మామూలు బండలు. సాయంత్రం అయిదు తర్వాత వెలుతురు పక్క నుంచి గీసినట్టు పడితే అరిగిపోయిన చెక్కడం కూడా లేస్తుంది. ఆ అరగంట కోసం నాలుగు సాయంత్రాలు. రెండో ఫోటో 125 అడుగుల ధ్యానబుద్ధుడిది. బుద్ధుడు ఫ్రేములో చిన్నగా ఉంటాడు, ముందు శనగలమ్మే బండి.

కొండపల్లి గురించి చెప్పడానికి పెద్దగా లేదు. బొమ్మల కాలనీలో కెమెరా చూస్తే విసుక్కుంటారు, వాళ్ళ తప్పేం లేదు, తీసుకుపోయేవాళ్ళు ఎక్కువ, కొనేవాళ్ళు తక్కువ. మొదటి రోజు కెమెరా తియ్యకుండా రెండు బొమ్మలు కొన్నాను. రెండో రోజు కిటికీ వెలుతురులో, చింతగింజల పిండి, రంపపొట్టు కలిపిన మక్కుతో తెల్ల పొణికి చెక్క ఏనుగుకి తొండం అతికిస్తున్న చేతులు తీశాను.

మడత

ప్రింట్లు కాన్వాస్ మీద అనుకున్నాం. ల్యాబ్ పేరెందుకు గానీ, 12 ఫైళ్ళూ పంపి, పది రోజుల తర్వాత మొదటి ప్రింట్ విప్పాను. ముగ్గు ఫోటో. కొంగ ఉంది, పుల్ల ఉంది, ముగ్గులో సగం ఉంది. అమ్మాయి లేదు. కాన్వాస్‌ని చెక్క ఫ్రేము మీద బిగించేటప్పుడు నాలుగు వైపులా ఒకటిన్నర అంగుళం చొప్పున అంచు మీదుగా వెనక్కి మడుస్తారు. ఆమె ఎడమ అంచున వంగి ఉంది. పక్కకి వంగి చూస్తే మడత మీద ఆమె చెయ్యి, అందులోంచి జారుతున్న పిండి. ఎదురుగా నిలబడితే మళ్ళీ ఎక్కడైనా ఉండగల కొంగ.

హోటల్ ఆయన చూసి, "మళ్ళీ ఆఫ్రికా తెచ్చావే" అన్నారు.

మడతకి అంచు వదలాలని వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. పెళ్ళి ఆల్బమ్‌లకి బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అంచు, వదలడం నాకు రోజూ ఉన్న పనే, కాన్వాస్‌కి అదే లెక్క అని తట్టలేదు. ఒకటే ప్రింట్ అయింది కాబట్టి బతికాను. మిగతావి ఆపించి, అన్నీ మ్యాట్ పేపర్ మీద వేయించి, చుట్టూ తెల్ల అట్ట వదిలి చెక్క ఫ్రేముల్లో పెట్టించాను. పోయిన ప్రింట్‌కి 7,000 నా జేబులోంచి.

లెక్క మొత్తం ఇలా తేలింది. ప్రింట్లు, ఫ్రేములు 84,000. లెన్స్ అద్దె 6,000. పెట్రోలు, తిండి 9,000. మడత 7,000. మిగిలింది 74,000. ఉప్పలపాడు 13, నది 7, ఉండవల్లి 5, అమరావతి 4, కొండపల్లి 2, మొత్తం 31 రోజులు. రోజుకి 2,400 కూడా పడలేదు. మా ఆవిడ ఈ లెక్క చూసి ఏమీ అనలేదు, అది ఇంకా భయం. ఇంకోసారి ఇలాంటిది ఒప్పుకుంటే ధర ఫోటోకింత అని కాదు, రోజుకింత అని చెబుతాను. లెన్స్ అద్దెకి తెచ్చే ముందు ఖాళీ చేతులతో రెండు రోజులు ఊళ్ళో తిరుగుతాను.

ప్రారంభం రోజు హోటల్ ఆయన తల్లి వచ్చారు, ఎనభై దాటిన మనిషి. కారిడార్లో అందరూ గబగబా నడుస్తుంటే ఆవిడ ముగ్గు ఫోటో దగ్గర ఆగి, చేతికర్ర గోడకి ఆనించి, వేలితో గాల్లో చుక్కలు లెక్కపెట్టారు. "పిల్ల ఎవరోగానీ, ఈ మూల చుక్క తప్పింది" అన్నారు. నేను వెయ్యిసార్లు చూసిన ఫోటో, నాకు కనపడలేదు. నిజంగానే ఆ మూల గీత ఒకటి దారి తప్పి ఉంది.

తర్వాతి వారం చిన్న ప్రింట్ పట్టుకుని ఉప్పలపాడు వెళ్ళి ఆ అమ్మాయికి ఇచ్చి, పెద్దావిడ మాట చెప్పాను. ప్రింట్ దగ్గరగా పట్టుకుని చూసింది.

"తప్పదా మరి? బండొస్తంది జరగమని మీరే గదా డాబా మీంచి అరిచింది."